ఒకటికి ముందు

“సర్, మీ ప్రోగ్రామ్‌ను నేనే ఖరాబ్ చేసిన్నేమో. మస్తు భయమైతాంది.”

మొఘల్‌పురా నుంచి ఆటోలో తన గైడు శ్రీహరిరావు ఇంటికి వచ్చిపడిన స్రవ్య, మూసిన లాప్‌టాప్‌ను ఒళ్లో రెండు చేతులా అదిమి పట్టుకుంది. రేపే థీసిస్ ఇవ్వాలి.

ద్రవంలో ఒక అణువు నుంచి మిగతావి ఎంతెంత దూరంలో ఉంటాయో లెక్కగట్టే ఆ ప్రోగ్రామ్‌ను ఆయనే ఇరవై ఏళ్ల క్రితం రాశారు. దాంతోనే పదకొండు మంది డాక్టరేట్ తీసుకున్నారు. ఆ థీసిస్‌లన్నీ ఆయన వెనక అలమారలోనే ఉన్నాయి.

“గ్రాఫ్ సున్నా నుంచి గీశావా?” అన్నారాయన.

గ్రాఫ్ ఒకటి దగ్గరే మొదలుపెట్టాలన్నది ఆయన మొదటి రోజే నేర్పే నియమం. ‘అణువు వెడల్పు ఒకటి. అంతకన్నా దగ్గరికి ఇంకో అణువు రావడం అసాధ్యం. అక్కడ ఏమీ ఉండదు, కాగితం దండగ’ అనేవారు.

“తప్పైంది సర్. ఒకటి పెట్టుడు మర్చిపోయిన.”

“ఒకటికి ముందు గీత చిన్న గుట్టలా లేచిందా, అణువులో అణువు దూరినట్టు?”

“అవును సర్.”

ఆయన లేచి వీధి తలుపు మూశారు.

“నువ్వేం పాడు చెయ్యలేదమ్మా. అది చెరిపేసి, ఒకటి నుంచి గీసెయ్. ఎవరికైనా చూపించావా?”

“లేదు సర్...” అంటూనే స్రవ్య ఒళ్లోకి చూసుకుంది. లాప్‌టాప్ ఇంకా మూసే ఉంది.

“మీకు గూడ చూపియ్యలేదు సర్. ఆ గుట్ట సంగతి మీకెట్ల తెల్సు?”

దబీర్‌పురా స్టేషన్‌లో రైలు కూత వేసింది. శ్రీహరిరావు తలుపు గడియ పెట్టి, అలమారలోని పదకొండు థీసిస్‌ల వైపు చూశారు.