మూడో గేరు మూలుగు

“ఇది కాదు,” అంది భాగ్యలక్ష్మి.

ఒకే ఒక్క మాట. వారం రోజులు తిరిగి గేరుబాక్సు ఆయిలు మార్పించుకొచ్చిన కొడుకు కృష్ణకాంత్ బుల్లెట్ ఆపి, హెల్మెట్ తీసి, నీరసంగా అరుగు మీద కూలబడ్డాడు.

ఆమెకు మతిమరుపు జబ్బు వచ్చి ఏడాదైంది. ఎదురుగా నిలబడ్డ నలభై ఎనిమిదేళ్ల కొడుకును గుర్తుపట్టదు. పదకొండేళ్ల కిందట పోయిన మొగుడు జయరామ్ మాత్రం, ఆమె లెక్కలో, ఇంకా రోజూ సాయంత్రం హిందూపురం నుంచి ధర్మవరానికి వస్తూనే ఉన్నాడు. ఆరయ్యేసరికి ఇల్లు సర్దడం మొదలుపెడుతుంది. చీపురు, పప్పుగుత్తి, రోకలి, చేతికందినవన్నీ తీసుకెళ్లి పెరట్లో పాత పెట్టె వెనక పెట్టేస్తుంది. తర్వాత గడపలో కూర్చుని వీధి మలుపు వైపు చెవి పెడుతుంది. కోడలు ఉషశ్రీ అన్నం కలిపి తెస్తే తోసేస్తుంది.

“ఆయనొచ్చే యాళకు నేను తింటా కూచుంటే ఎట్లమ్మా?”

పగలంతా రెండు కాఫీలు, నాలుగు బిస్కెట్లు. మనిషి చిక్కి సగమైంది. ముద్ద దిగకపోతే ఈ ఎండాకాలం దాటడం కష్టమని పుట్టపర్తిలో డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

అందుకే షెడ్డులో బూజు పట్టిన నాయన బండి బయటికొచ్చింది. ఆ చప్పుడు ఒక్కసారి చెవిన పడితే మొగుడు ఇల్లు చేరాడనుకుంటుంది, నాలుగు ముద్దలు తింటుంది. కృష్ణకాంత్ ఆశ అదీ.

ఆమె రోజూ ఇంకో మాట కూడా అడుగుతుంది.

“కిట్టుగాడు అవ్వ దగ్గరనే ఉండాడు గదా?”

కిట్టు అంటే కృష్ణకాంతే. ఐదో ఏట తనను బుక్కపట్నంలో అవ్వ ఇంట్లో దించేసి, వెనక్కి తిరిగి చూడకుండా బస్సెక్కిన తల్లి ఈమె. సెలవులకు కూడా ఇంటికి రానిచ్చేది కాదు. నాయనే నెలకోసారి బుల్లెట్ మీద వచ్చి, మిఠాయి పొట్లం చేతిలో పెట్టి, ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని చెరువు కట్ట మీద తిప్పేవాడు. ఇప్పుడు “ఆడనే ఉండాడులేమ్మా” అని చెబితే చాలు, అమ్మ మొహం తేటపడుతుంది. అది చూసినప్పుడల్లా కృష్ణకాంత్‌కు మొహం తిప్పుకోవాలనిపిస్తుంది. ఈమెకు మొగుడుంటే చాలు, నేనెప్పుడూ అడ్డమే, అనుకుంటాడు.

అమ్మ లెక్కకు బండి ఇంజను చప్పుడు సరిపోయిందట. మూలుగే లేదట.

“మలుపు తిరిగినాక ఆ బండి మూలుగుతాది,” అంది భాగ్యలక్ష్మి, గాల్లోకి చూస్తూ.

హిందూపురంలో మెకానిక్ మారెప్ప తొంభై నంబరు గేరాయిల్ పోశాడు. వెన్నలా తిరిగింది, కిమ్మనలేదు. ఇది కాదు. తర్వాత లారీలకు వాడే నూట నలభై పోశాడు. మరీ చిక్కన. గేరు పడాలంటే తలప్రాణం తోకకొచ్చింది. ఇది కాదు. పల్చటి ఇంజనాయిల్ పోస్తే గిలక్కాయలా ఆడింది. ఇదీ కాదు. మందేమో బండికి, గుణం చూడాల్సిందేమో అమ్మలో. ఇదెక్కడి వైద్యమని చివరికి మారెప్పే చేతులెత్తేశాడు. పెనుకొండలో నల్లప్ప అనే ముసలి మెకానిక్ ఉన్నాడని, జయరామ్ బండి ఆయన చేతుల్లోనే పెరిగిందని చెప్పి పంపాడు.

నల్లప్ప కళ్లద్దాలు తుడుచుకుని బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. జయరామ్ ఏ కంపెనీ ఆయిలునూ నమ్మేవాడు కాదట. గ్రీజు సగం, గానుగలో ఆడించిన ఆముదం సగం. అది పోస్తేనే మూడో గేరు అట్లా మూలుగుతుందట. కాకపోతే రెణ్ణెల్లకే ఆముదం బంకవుతుంది, గేరు పళ్లు పట్టేస్తాయి, ఇంత పాత బండి మళ్లీ దొరకదని హెచ్చరించాడు. పోతే పోనీ, అమ్మకంటే బండి ఎక్కువా అన్నాడు కృష్ణకాంత్.

నల్లప్ప డబ్బా మూత తీసి ఆగాడు.

“ఈ చప్పుడు మీయమ్మ అడిగిందా, నువ్వే వినిపించల్లనుకుంటాండావా?”

“ఇది వింటేగానీ తినేట్టు లేదు మామా.”

ముసలాయన ఆముదం తాగినట్టు మొహం పెట్టాడు. అయినా పోశాడు.

బయల్దేరే ముందు కృష్ణకాంత్ ఇంటికి ఫోన్ చేశాడు. ఉషశ్రీ చేత అమ్మ చెవి దగ్గర పెట్టించి, ఉండబట్టలేక, ఈ రోజు కిట్టు కూడా ఇంటికొస్తున్నాడని చెప్పాడు. “వద్దు,” అంది అమ్మ. “వాణ్ని రావద్దని చెప్పు.” అతను ఫోన్ జేబులో వేసుకుని బండెక్కాడు. దారంతా కళ్లు మండుతూనే ఉన్నాయి.

ధర్మవరం చేరేసరికి ఏడు. వీధి మలుపులో మూడో గేరు వేశాడు. మూలిగింది. సన్నగా, సాగి సాగి, మనిషి మూలిగినట్టే మూలిగింది. వేడి సైలెన్సరు మీద పడ్డ ఆముదం చుక్క కమురు వాసన వేసింది. తను మళ్లీ ట్యాంకు మీద కూర్చున్నట్టు, వెనక నుంచి నాయన చేతులే హ్యాండిల్ పట్టుకున్నట్టు అనిపించింది.

ఇంటి ముందు ఉషశ్రీ అన్నం ప్లేటుతో ఒక్కతే నిలబడి ఉంది. ఏడాదిగా గోడ పట్టుకుని నడిచే అత్త, చప్పుడు వినగానే దిగ్గున లేచి లోపలికి ఉరికి గడియ వేసుకుందని చెప్పింది.

“గుర్తుపట్టింది,” అన్నాడు కృష్ణకాంత్. “మొగం కడుక్కోను పోయింటుందిలే. ఇప్పుడు తింటాది చూడు.”

లోపల లైటు ఆరింది. అతను మెల్లగా వెళ్లి తలుపుకు చెవి ఆనించాడు.

“కిట్టూ, మంచం కిందికి దూరు నాయనా,” అని చీకట్లో అమ్మ గుసగుసలాడుతోంది, “మీ నాయనొచ్చినాడు, నేనెంత అరిచినా బయటికి రావద్దు.”