మూడో సీసా

"ఇంకు పెన్ను ఎప్పుడైనా వాడారా, తల్లీ?"

స్టోరక్క అడ్డంగా తలూపింది. చేతిసంచీలోంచి గుడ్డలో చుట్టిన పెన్ను తీసి గాజు బల్ల మీద పెట్టింది.

"మా నాన్నది. ఆయన పోయాక ఎవరూ ముట్టుకోలేదు. దీనికి నీలం సిరా కావాలి. రేపు పొద్దున పదింటికల్లా మూడు పేజీలు రాసివ్వాలి."

"ఏదైనా పరీక్షా?" అన్నాడు పెన్నుల దుకాణం పెద్దాయన.

"అలాంటిదే."

పక్కనున్న పిచ్చుక కిసుక్కున నవ్వబోయి ఆపుకుంది. స్టోరులో ఆమె అసిస్టెంటు. గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుందని ఆస్పత్రిలో అందరూ పెట్టిన పేరు అది.

పెద్దాయన పెన్ను విప్పి, గోరువెచ్చని నీళ్లలో పాళీ నానబెట్టాడు. ఎండిపోయిన సిరా దారాల్లా విడివడి కిందికి దిగింది. స్టోరక్క దాన్నే చూస్తూ నిలబడింది. రాత్రంతా నిద్ర లేదు.

పంతొమ్మిదేళ్లుగా ఆమె ఆస్పత్రి మందుల స్టోరుకు ఇన్‌చార్జి. ఒక్క మాట పడలేదు, నిన్నటిదాకా.

నిన్న సూపరింటెండెంటు నెల్లాళ్ల సెలవు ముగించుకొని వచ్చారు. పేరుకుపోయిన టపా ఒక్కొక్కటే విప్పుతున్నారు. సంతకం కోసం ఆమె ఎదురుగా ఉండగానే ఒక కవరు చించారు. చదివారు. కాగితం ఆమె వైపు తిప్పారు.

ఆకాశరామన్న ఉత్తరం. తేదీ సరిగ్గా నెల కిందటిది. గడువు తీరిన మందుల మీద తేదీలు చెరిపి వార్డులకు పంపుతోందట. రెండో ఫ్రిజ్ తలుపు సరిగా పడక ఆమె అట్టముక్క దోపుతుందని కూడా రాశారు. ఆ అట్టముక్క సంగతి స్టోరులో పనిచేసే నలుగురికే తెలుసు.

అంటే రాసింది బయటివాళ్లు కాదు. రోజూ తనతో కూర్చుని అన్నం తినేవాళ్లు.

"స్వదస్తూరీతో సంజాయిషీ రాసివ్వండి. నాకు నమ్మకం కుదరకపోతే పోలీసులకు పంపక తప్పదు" అన్నారాయన. ఉత్తరం అప్పుడే బీరువాలోకి వెళ్లింది. తాళం పడింది. ఆయనా ఆమే తప్ప మూడో మనిషి దాన్ని చూడలేదు.

సాయంత్రం పిచ్చుకకు ఫోన్ చేసి, అందులో ఏం రాశారో చెప్పుకుని భోరుమంది. పిచ్చుక రెక్కలు కట్టుకుని వాలింది. పక్కనే పడుకుంది. పొద్దున్నే బలవంతంగా కాఫీ తాగించింది.

"ముమ్మాటికీ ఆ కాంపౌండరే అక్కా. నీ కుర్చీ మీద వాడి కన్ను ఎప్పటినుంచో ఉంది" అంది ఇప్పుడు మళ్లీ.

"సీనియారిటీ ప్రకారం నా తర్వాత నువ్వేగా."

"నాకెందుకక్కా ఆ కుర్చీ? స్ప్రింగు పోయి గుచ్చుకుంటోందని నువ్వే అంటావుగా!"

స్టోరక్కకు రెండు రోజుల్లో మొదటిసారి నవ్వొచ్చింది.

పెద్దాయన మూడు సీసాలు తెచ్చి వరసగా పెట్టాడు. "కొత్తవాళ్లకు మొదటిదే ఇస్తాను. బట్టల మీద పడినా ఉతికితే పోతుంది. కాకపోతే కాగితం మీద నీటిబొట్టు పడితే అక్షరమూ పోతుంది."

"అయితే వద్దండీ. రాస్తూ ఏడ్చినా ఏడుస్తాను."

"రెండోది మంచి రంగు. రెండు రోజులు రాయకపోతే మాత్రం పాళీకి అడ్డుపడుతుంది. ఇక మూడోది..."

"అసలు నీలమెందుకక్కా?" పిచ్చుక మధ్యలో అందుకుంది. "ఆ దిక్కుమాలిన ఉత్తరం కూడా నీలం సిరాయేగా. మళ్లీ అదే రంగు నీ చేత్తో పట్టుకోవడమెందుకు? శుభ్రంగా నలుపు తీసుకో."

స్టోరక్క చెయ్యి బల్ల మీద ఆగిపోయింది.

"ఏమైందక్కా? మొహం అలా అయిపోయిందేం? ఆ పాడు సంగతి గుర్తు చేశానా? నా నోటికి తాళం వెయ్యాలి. ఉండు, ఆటో పిలుస్తాను." పిచ్చుక గబగబా బయటికి వెళ్లింది.

పెద్దాయన కుర్చీ జరిపాడు. ఆమె కూర్చోలేదు. అద్దంలోంచి వీధిలోకి చూస్తోంది. అక్కడ పిచ్చుక ఆటోవాడితో చేతులు తిప్పుతూ బేరమాడుతోంది, తనదే పని అన్నట్టు.

"మూడోదాని సంగతి చెప్పండి" అంది చివరికి.

"ఇది కొత్తవాళ్లకు ఇవ్వనమ్మా, తిరిగొచ్చి పోట్లాడతారు." ఆయన సీసా మూత తిప్పి, పుల్ల ముంచి కాగితం మీద గీత గీశాడు. ఆకాశమంత నీలం. "ఇందులో ఇనుము పాలుంది. రాసేటప్పుడు ఇలాగే ఉంటుంది. నాలుగు రోజులకు మాడి నల్లబడడం మొదలెడుతుంది."

అరలోంచి ఒక నోటుబుక్కు తీసి తెరిచాడు. కొన్నవాళ్లు పాళీ పరీక్షించుకున్న పిచ్చిగీతలు. "ఇది పోయిన నెల పేజీ. పాత ఖాతాదారే ఒకాయన, నా కళ్ల ముందే నీలంగా రాశారు. ఇప్పుడు చూడండి. రాసినవాళ్లు తప్ప నీలమంటే ఎవరైనా నమ్ముతారా?"

స్టోరక్క ఆ పేజీని చాలాసేపు చూసింది.

"ఇదే ఇవ్వండి."

పెద్దాయన సిరా ఎక్కించి, పాళీ తుడిచి ఇచ్చాడు. అద్దాల తలుపు తోసుకుని పిచ్చుక వచ్చింది.

"ఆటో దొరికిందక్కా! ఏది తీసుకున్నావ్? నా మాట వినలేదు కదూ, నీలమేనా?"

"ప్రస్తుతానికి నీలమే" అంది స్టోరక్క.

నిన్న తన కళ్ల ముందు కవరు చించి తీసిన ఆ ఉత్తరంలో, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ప్రతిదీ కాటుకలా నల్లగా ఉంది.