వట్టివేళ్ల బాకీ

"సాయన్నా! ఓ సాయన్నా! చెవులు బ్యాంకుల జమ చేసొచ్చినవా?"

జనార్దన్ మూడోసారి పిలిచాక గాని ముసలాయన తలెత్తలేదు.

కిటికీకి కట్టిన వట్టివేళ్ల తడకను వేళ్లతో తడుముతూ, బకెట్లో నీళ్లు దోసిలితో తీసి చల్లుతున్నాడు. ఆ పని ఆయనకెవరూ చెప్పలేదు. ఆ పనికని జీతం తీసుకునే మనిషి వరండాలో నిద్రపోతున్నాడు.

అది 1967 మే నెల. మధ్యాహ్నం రెండు దాటితే నాంపల్లిలోని ఆ సర్కారు ఆఫీసు నీళ్లలో మునిగిన ఊరిలా ఉండేది. పచ్చటి చీకటి. తడివేళ్ల వాసన. టైపు మిషన్ల మీద కూడా కునుకు వాలేది. ఫైళ్లు నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు మెల్లగా లేచి పడేవి.

సిబ్బందిలో మెలకువగా ఉన్నది గుమాస్తా జనార్దన్ ఒక్కడే. పని మీద ప్రేమ కాదు, భయం.

సర్కారు ఇవ్వాల్సింది ఒకసారి ఇవ్వడానికే మూడేళ్లు తిప్పుతుంది. అలాంటిది గౌలిగూడ సాయన్నకు తడకల బిల్లు రెండువందల నలభై రూపాయలు రెండుసార్లు ఇచ్చేసింది. రెండుసార్లూ పాస్ చేసింది జనార్దనే. ఆడిట్ వాళ్లు వచ్చి ఆ సంగతి పట్టుకుని, టీ తాగి వెళ్లారు. వచ్చే మార్చి ముప్పై ఒకటిలోగా సొమ్ము తిరిగి రాకపోతే జనార్దన్ జీతంలో కోత. పైగా ఇంక్రిమెంటు బంద్.

ఆ ఇంక్రిమెంటుతో కొనబోయే ఫ్యాను కోసం అతని భార్య సౌభాగ్య గోడకు స్విచ్చి కూడా పెట్టించేసింది. రోజూ ఒకసారి నొక్కి చూసుకునేది.

తడకలు మాత్రం ఇంకా ఆ బిల్లు నాటివే. రెండుసార్లు డబ్బిచ్చి కొన్నవి గనక ఆఫీసు వాటిని మూడో ఎండాకాలం కూడా వాడుతోంది.

పోయిన నెల నోటీసు పంపిన వారానికే ముసలాయన వచ్చాడు. కాగితం మడత విప్పి బల్ల మీద పెట్టాడు.

"గిది గట్టాల్సిన మనిషి లేకపోతె ఏం జేస్తరు సారూ?"

"ఇంటికొచ్చి సామాను జప్తు చేస్తరు. బిందెలు, కుట్టుమిషను, ఏది దొరికితే అది. నువ్వు గట్టిగనే ఉన్నవు గద సాయన్నా. కట్టు."

ముసలాయన కాగితం మళ్లీ మడిచి, తడక వంక చూశాడు.

"నెలకు ఇరువై గడ్త," అన్నాడు. తొలి ఇరవై ఆ నెలలోనే కట్టేశాడు.

అప్పట్నుంచీ ప్రతి నెలా మొదటి సోమవారం వచ్చేవాడు. గన్‌ఫౌండ్రీ బ్యాంకులో చలాన్ కట్టి, అబిడ్స్ మీదుగా నడిచొచ్చి, రసీదు ముక్క బల్ల మీద పెట్టేవాడు. జనార్దన్ అంకె చూసేవాడు, బ్యాంకు ముద్ర చూసేవాడు. ఫైలు మీద పేరుంది, ఎదురుగా మనిషి ఉన్నాడు. ఆఫీసులో ఇంతకు మించి రుజువు ఎవరడుగుతారు?

"డబల్ పైసలు తీసుకున్నప్పుడు చెయ్యి వణకలేదా?"

"తెలిస్తె తీసుకునేటోడు గాదు సారూ."

"ఎవడు?"

"నేనే సారూ."

వానలు పడ్డాయి. తడకలు విప్పి స్టోరు గదిలో పడేశారు. ముసలాయన ఆ గది తలుపు దగ్గర నిలబడి, కళ్లు మూసుకుని, వాసన పీల్చుకునేవాడు. ఎక్కడో చల్లటి ఏటి ఒడ్డున ఉన్నట్టుండేది ఆ ముఖం.

"ఏంది, వీటినే పట్టుకపోయి మల్లా మాకే అమ్ముదామనా?" అనేవాడు జనార్దన్.

ముసలాయన కళ్లు తెరిచి, నవ్వి, మెట్లు దిగిపోయేవాడు. కూర్చోమని జనార్దన్ ఒక్కనాడూ అనలేదు.

పదకొండు రసీదులు చేరాయి. మార్చి సోమవారాలన్నీ అయిపోయాయి. ముసలాయన రాలేదు.

ఇరవై ఎనిమిదో తారీఖున, ఇంట్లో సౌభాగ్య స్విచ్చి నొక్కి చూసుకుంటూ ఉండగా, జనార్దన్ ఫైలు చంకలో పెట్టుకుని గౌలిగూడ బయల్దేరాడు. ఎండ మళ్లీ ముదిరింది. గల్లీ గల్లీ కలలోలాగా తేలిపోతోంది.

సాయన్న ఇంట్లో ఒకావిడ మిషను మీద రవికలు కుడుతోంది.

"సాయన్న భార్యవా? ఏడి మీ ఆయన? పిలువు."

ఆమె, లక్ష్మీనర్సమ్మ, గోడ మీది ఫొటో చూపించింది. దాని దండ ఎండిపోయి ఉంది.

ఆ ఫొటోలోని మనిషిని జనార్దన్ ఎన్నడూ చూడలేదు.

"రెండేండ్లు దాటింది సారూ. మల్లొచ్చిన పైసలు పాత బిల్లువే అనుకున్నడు. అన్నీ దవాఖానకే అయిపోయినయి."

"మరి... నెలనెలా వచ్చేదెవరు?"

"బాలమల్లు. మా తడకలు అల్లేటోడు. నోటీసు సూపిస్తె, 'నువ్వు ఫికర్ జెయ్యకు నర్సమ్మా, మిషను యాడికి పోదు' అని పట్టుకపోయిండు."

"ఇప్పుడెక్కడున్నడు?"

"నడుము పడిపోయింది సారూ, ఇంక అల్లలేనని పోయిన వారమే ఊరికి పోయిండు."

"ఏ ఊరు?"

"సెప్పలే. నేనెన్నడు అడగనే లేదు." ఆమె మిషను సొరుగులోంచి రెండు పది నోట్లు తీసింది. "గివి మీకియ్యమన్నడు."

జనార్దన్ నోట్లు అందుకున్నాడు. ఇంక్రిమెంటు దక్కింది. ఫ్యానూ దక్కింది. అయినా కాళ్లు గడప దాటలేదు.

"అతను మీ చుట్టమా?"

"గాదు."

"మీకేమన్నా బాకీ ఉన్నడా మరి?"

లక్ష్మీనర్సమ్మ చేతిలోని రవికను మడిచి పక్కన పెట్టింది.

"గాయన మాకు గాదు సారూ, మా ఇంటాయనే గాయనకు రెండు ఎండకాలాల కూలి ఇయ్యకుండ పోయిండు."