పిట్ట ముట్టని విస్తరి

కాకి వచ్చింది.

సమాధి మట్టి మీద వాలి, విస్తరి చుట్టూ ఒకసారి తిరిగింది. మెడ వంచి చూసింది. ముట్టకుండానే ఎగిరి, పక్క వెంచర్ ప్రహరీ మీద కూర్చుంది.

"ఇది మూడోసారి," అన్నాడు బుచ్చయ్య. పాలివాళ్లలో పెద్దవాడు ఆయనే.

విస్తరిలో మటన్ కూర, గారెలు. పక్కన సీసాలో కల్లు. ఈశ్వరయ్యకు ఇష్టమైనవన్నీ వండి తెచ్చారు. ఇవాళ మూడో రోజు. పిట్ట ముడితేనే పోయినవాడు తృప్తిపడ్డట్టు.

భార్య లింగమ్మ సమాధి పక్కన నేల మీదే కూర్చుంది. నిన్నటి నుంచి మంచినీళ్లు కూడా తాగలేదు.

"అమ్మా, షుగర్ ఉంది నీకు. జర రెండు గుక్కలు తాగు," కొడుకు శివశంకర్ నీళ్లసీసా పట్టుకుని బతిమాలాడు.

"మీ బాపు తినకుండ నేనెట్ల తాగుతరా? నాలుగు దినాలు ఏం తిన్నడో, ఎవలన్న ఇంత పెట్టిన్రో లేదో! ఆకలితోనే పోయిండురా!"

ఈశ్వరయ్యకు రెండేళ్లుగా మతిమరుపు. ఓ పొద్దున ఇంట్లోంచి ఎటో వెళ్లిపోయాడు. శంషాబాద్ అంతా వెతికారు. ఐదో రోజు పోలీసులు ఫోన్ చేశారు, దవాఖానలో ప్రాణం పోయిందని. ఎవరో చేర్పించి పోయారట. అంతకుమించి శివశంకర్ అడగలేదు. అడిగే స్థితిలో లేడు.

"కొడుకా, ఏదన్న మాటియ్యి. మనసుల ఏం పెట్టుకున్నడో," అన్నాడు బుచ్చయ్య.

శివశంకర్ చేతులు జోడించాడు. "బాపూ, అమ్మను మంచిగ చూసుకుంట. రా బాపూ."

కాకి కదల్లేదు.

"రోడ్డు పక్క చెలుక భూమి ఎవ్వలికీ అమ్మనియ్య. ఒట్టు. రా!"

కాకి ముక్కును గోడకు రాసుకుంది.

"గింత పంతం పట్టేటోడు కాదు. కల్లు పుల్లగైందేమో," అన్నాడు బుచ్చయ్య.

మనిషి కాకిలా వస్తాడో లేదో శివశంకర్‌కు తెలియదు. రాకపోతే మాత్రం భయం ఉంది. అమ్మ పెదాలు ఎండి పగిలాయి. ఆమె తల ఒక పక్కకు వాలిపోతోంది.

"అన్నా, ఇది గూడ జర ఆకుల పెట్టుండ్రి."

శ్మశానం గేటు దగ్గర ఒకామె నిలబడి ఉంది. నలభై ఏళ్లుంటాయి. గోదాముల్లో కూలీలు వేసుకునే పచ్చకోటు, దుమ్ము కొట్టుకుపోయిన కాళ్లు, చేతిలో చిన్న స్టీలు డబ్బా.

"ఏందది?" అన్నాడు శివశంకర్.

"పెరుగు బువ్వ."

బుచ్చయ్యకు మండింది. "ఎవలదో బువ్వ ఆకుల ఎట్ల పెడ్తం? ఇంటోళ్లు పెట్టాలె. నువ్వేమైతవమ్మా ఆయనకు?"

ఆమె నోరు తెరిచింది.

సరిగ్గా అప్పుడే తలల మీదుగా ఒక విమానం దిగుతూ పోయింది. ఆమె పెదవులు కదలడం తప్ప ఇంకేమీ తెలియలేదు.

మోత తగ్గేసరికి శివశంకర్ గేటు వైపు చెయ్యి చూపిస్తున్నాడు.

"నీకు దండం పెడ్త అక్కా. మిగిలింది నీకే పెడ్తం గని, ఇప్పుడైతే పో. మనుషులుంటే పిట్ట దిగుతలేదు."

బయట ఆమె వచ్చిన ఆటో హారన్ కొడుతోంది. ఆమె డబ్బా మూత తీసి గేటు పక్క బండ మీద పెట్టింది. సమాధి వైపు తిరిగి ఒకసారి మొక్కింది. వెళ్లిపోయింది.

ఆటో చప్పుడు దూరమైంది.

కాకి గోడ దిగింది. విస్తరిని దాటి, సరాసరి ఆ బండ మీద వాలింది. డబ్బాలో ముక్కు పెట్టింది. ఆగకుండా తినసాగింది.

"ఆకు ముట్టాలె గదా? ఇది లెక్కకొస్తదా?" బుచ్చయ్య గొణిగాడు.

లింగమ్మ నేల మీద చెయ్యి ఆనించి లేచింది. మెల్లగా నడుచుకుంటూ బండ దగ్గరికి వెళ్లింది. డబ్బాలోకి చూసింది.

ఒక్క మెతుకు విడిగా లేదు. పసిపిల్లలకు పిసికినట్టు మెత్తగా పిసికి ఉంది.

"శివా..." ఆమె కొడుకు వైపు తిరిగింది. "మీ బాపుకు నోట్ల పండ్లు లేవని గామెకెట్ల తెలుసురా?"

శివశంకర్ విస్తరిలోని మటన్ ముక్కల వైపు చూశాడు. మరుక్షణం రోడ్డు మీదికి పరుగెత్తాడు.

రోడ్డు ఖాళీగా ఉంది. పావుగంటకు ఆటో తిరిగొచ్చింది. నడిపేది ఊళ్లోని మల్లేశ్వరే.

"మల్లన్నా, గామెను ఏడ దించినవ్?"

"బెంగుళూరు రోడ్డు మీద. కూలోళ్ల లారీ ఆపి ఉండె, ఎక్కి పోయింది. తుక్కుగూడల గోదాం పని అయిపోయిందట, షెడ్లు పీకేసిన్రట. ఇగ ఏ ఊరికి పోతరో వాళ్లకే తెల్వదట."

"ఆమె ఎవలు, అన్నా?"

"అదేందిరా, నీకు చెప్పలేదా? మీ బాపు నాలుగు దినాలు ఆమె షెడ్డులనే ఉన్నడట గదా! ఊరి పేరు యాదికి లేకపాయె. పోలీసోళ్లకు చెప్పి, ఇంటోళ్లు దొరికేదాంక తన కాడనే పెట్టుకున్నదట. పొద్దుమాపు పిసికి తినిపిచ్చిందట. జొరం ముదిరితే దవాఖానకు ఎత్తుకపోయింది గూడ ఆమెనే. ఆడ అడిగి మన ఊరు తెలుసుకుని వచ్చిందట."

వెనకాల గేటు పట్టుకుని నిలబడిన లింగమ్మ అంతా విన్నది.

"తిన్నడు," అంది. నీళ్లసీసా కోసం చెయ్యి చాచింది.

శివశంకర్ చొక్కా జేబులోంచి దవాఖాన కాగితం తీశాడు. ఇచ్చినరోజు మడిచి పెట్టుకున్నాడు, ఇంతవరకూ విప్పలేదు.

రోగిని తీసుకొచ్చినవారి పేరు రేఖ. ఫోన్ నంబరు గడి ఖాళీ. కింద ఒక వేలిముద్ర.

రోగికి ఏమవుతారు అన్నచోట, ఆడపిల్లలే లేని ఈశ్వరయ్యకు, 'కూతురు' అని రాసి ఉంది.