నల్ల కవరులో టేకు మొక్క

నర్సరీ నల్ల కవర్లు విప్పకుండానే అడవి అంచున వరసగా నాటేసిన టేకు మొక్కల్లో ఒకటి దాహంతో వడలిపోతోంది. మట్టిలో ఏవో తెల్లటి పోగులు దాని కవరును తడుముతున్నాయి.

“పందికొక్కు మామా, నన్ను పీల్చేయడానికి వచ్చాయి!” అని పక్క బొరియలోని పందికొక్కును పిలిచింది.

“అవి మట్టిలోని మంచి బూజు పోగులే పిచ్చి పిల్లా! నీ ఆకులు వండిన తీపి కాస్త తిని, ఆ పెద్ద నల్లమద్ది చెట్టు దగ్గరి తడి నీకు తెచ్చిపెడతాయి. కవరు కొరకనా?”

పక్క మొక్కలన్నీ గోల పెట్టాయి. “కవరే మన కోట! పరాయివాళ్లను రానివ్వం!”

టేకు మొక్క కూడా గొంతు కలిపింది. మూడో రోజున పక్క మొక్క నినాదం సగంలో ఆగిపోయింది. తర్వాత దాని పక్కది. ఆ నిశ్శబ్దం తనవైపే జరుగుతూ వస్తుంటే టేకు మొక్క పందికొక్కును కేకేసింది.

“కొరుకు మామా, తొందరగా!”

చిరుగులోంచి చల్లటి పోగు వేరును తాకింది. మొక్క బిగుసుకుపోయింది. ముందు తడి వచ్చింది, వెనకే నల్లమద్ది గొంతు వినిపించింది.

“ఎన్నాళ్లుగా పిలుస్తున్నాం తల్లీ! తక్కినవాళ్లేరీ?”

టేకు మొక్క వరసంతా పిలిచి చూసింది. ఎవరూ పలకలేదు. కోటలు మాత్రం చెక్కుచెదరలేదు.