మెత్తటి మాట కోసం

"మూత తియ్యకు," అన్నాడు మల్లికార్జునరావు.

ఏసుబాబు అప్పటికే తీసేశాడు. ఏసీ గది నిండా పులిసిన కంపు కమ్ముకుంది. డబ్బాలో అన్నం జిగురుగా సాగుతోంది. పప్పు మీద బుడగలు లేచి చిట్లుతున్నాయి. మల్లికార్జునరావు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. ఆ పప్పు వండించింది ఆయనే.

దుబాయ్ అల్ కుసైస్‌లో లేబర్ క్యాంపులకి భోజనాలు పంపే కంపెనీకి ఆయన మేనేజరు. ఏసుబాబు ఆ క్యాంపుల్లో ఒకదానిలో ఉండే మేస్త్రీ. రాత్రి వండిన అన్నం తెల్లారకుండా డబ్బాల్లో పెట్టి కూలీలతో పాటు బస్సెక్కిస్తారు. జూలై ఎండలో అది సైటులో పడుండి, మధ్యాహ్నానికి వాళ్ళ నోట్లోకి వెళుతుంది. ఇందులో ఎవరికీ తెలియని సంగతేం లేదు.

"సైటు నుంచి తిరిగొచ్చే బస్సులోనే వాంతులు మొదలయ్యాయండి. మా గదిలో ఉండే ఇమామ్ హుస్సేనుకైతే కళ్ళు లోపలికి పోయాయి. మంచినీళ్ళు కూడా నిలవట్లేదు," అన్నాడు ఏసుబాబు. "మిగిలిన పప్పే రాత్రికీ పంపుతున్నారంట గదండీ. మీ వంటోళ్ళే చెప్పారు. అది ఆపండి సార్. ఇంకేం అడగం."

"ఆపితే మూడొందల మందికి రాత్రి ఏం పెట్టమంటావు?"

"పస్తుంటామండి."

మల్లికార్జునరావు బుర్రలో పప్పు లేదు. ఏసుబాబు పనిచేసే కంపెనీతో ఈ నెలాఖరుకి కొత్తగా రాయించుకోవలసిన కాంట్రాక్టు ఉంది.

"మీ ముదీరుకి, అదే మీ కంపెనీ మేనేజరు అబ్దుల్ రహీం గారికి కూడా మోసేసే ఉంటావు," అని, జవాబు కోసం ఆగకుండా శశాంక్‌ని కేకేశాడు. "రహీం గారి ఫోన్ వచ్చేలోపు మన మెయిల్ పోవాలి. ముందు రాసినవాడిదే నిజం. కూర్చో."

శశాంక్ హైదరాబాదులో ఇంగ్లీషు ఎమ్మే చదివిన కుర్రాడు. కంపెనీ మెయిల్స్ అన్నీ అతనే రాస్తాడు. డబ్బా వంక ఒక్కసారి చూసి, కుర్చీ దూరంగా లాక్కున్నాడు.

"కొందరు సిక్ అయిన్రు అని పెట్టనా సర్?"

"సిక్ అంటే రోగం. రోగం అంటే కాంట్రాక్టు ఖలాస్. మెత్తటి మాట చూడు."

"అప్‌సెట్?"

"కడుపు గుర్తొస్తుంది."

శశాంక్ ఇంకో మాట అందించాడు. "క్వీజీ అని ఒకటుంది సర్. పడవల పోతుంటే కడుపుల తిప్పినట్టు అయితది చూడండి, అట్ల. మనసుల ఏదో గాభరాగా ఉన్నా గదే వాడతరు."

మల్లికార్జునరావు ముఖం వెలిగింది. "మనసు కూడానా? భేషుగ్గా ఉంది. వీళ్ళకి ఇంటి మీద బెంగ అయ్యుండొచ్చు. అవునూ, ఆ మాట ఎక్కణ్ణించి వచ్చింది? లోపల తిరకాసు ఏమైనా ఉంటే?"

శశాంక్ ఫోన్‌లో వెతికాడు. "సరిగ్గ ఎవరికీ తెలియదంట. గాయం చేసుడు అనే పాత ఫ్రెంచి మాట నుంచి అని కొందరు, సెగ్గడ్డ అనే నార్వే దిక్కు మాట నుంచి అని కొందరు." స్క్రీను ఇంకా కిందికి జరిపాడు. "కానీ సర్, ముందట్ల దీన్ని తిండికి కూడా వాడేటోళ్ళంట. కడుపు తిప్పే తిండిని క్వీజీ అంటుండెనట."

"ఎప్పటి సంగతి?"

"అయిదారు వందల ఏండ్ల కింద."

"అబ్దుల్ రహీం అంత పాతవాడు కాదులే. కొట్టు."

కళ్ళెదుట పప్పు బుసబుసా పొంగుతుంటే, ఇద్దరు చదువుకున్న మనుషులు దానికి పేరు వెతుకుతున్నారు. ఆ గదిలో అన్నిటికన్నా రోత పుట్టించింది పప్పు కాదు. శశాంక్ తల ఎత్తకుండా టైపు చేశాడు. మీ కార్మికుల్లో కొందరు ఈ మధ్యాహ్నం భోజనమయ్యాక కాస్త క్వీజీగా ఫీలయ్యారని తెలిసి చింతిస్తున్నాం, ఎండ గానీ ఇంటి బెంగ గానీ కారణం కావచ్చు, మా భోజనానికి సంబంధం లేదు అని.

"ఆ క్వీజీ అంటే ఏంటండీ?" అనడిగాడు ఏసుబాబు.

"మీకేమీ కాలేదని."

"మరి రాత్రి డబ్బాలు?"

"వస్తాయి. బాగా మరిగించి పంపిస్తాంలే. యల్లా, ఇక బయల్దేరు."

ఏసుబాబు కదల్లేదు. కింద వ్యానులోకి డబ్బాలు ఎక్కిస్తున్న చప్పుడు వినిపిస్తోంది. మల్లికార్జునరావు మెయిల్ పంపించి, గదిలో గులాబీ వాసన స్ప్రే కొట్టించి, టీ తెప్పించుకున్నాడు. ఇప్పుడు కంపూ గులాబీ కలిసి కొట్టాయి. శశాంక్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బాత్రూములోకి పరిగెత్తాడు.

టీ సగం తాగేసరికి ఫోన్ మోగింది. అబ్దుల్ రహీం. ఏసుబాబు కూడా వినాలని మల్లికార్జునరావు స్పీకర్ పెట్టాడు.

"రావు గారూ, మీ మెయిల్ చూశా. ఆ మాట నాకు తెలీక గూగుల్ చేశా. కడుపులో తిప్పి వాంతికి రావడం అని ఉంది."

"అబ్బే, పెద్ద విషయమేం కాదండీ."

"క్యాంపుకి మనిషిని పంపా, వాంతులు కళ్ళారా చూసొచ్చాడు. అంబులెన్సు వస్తోంది. మీ వ్యాను కదలకూడదు, ఒక్క డబ్బా మా గేటు దాటకూడదు. మునిసిపాలిటీ ఫుడ్ ఇన్‌స్పెక్టర్లు మీ వంటింటికి బయల్దేరారు."

మల్లికార్జునరావు ఏసుబాబు వైపు ఉరిమి చూశాడు.

"ఈ ఏసుబాబు మాటలు పట్టుకుని మమ్మల్ని అనుమానిస్తారేంటండీ? వాడు మీకు ఏమేం కల్పించి చెప్పాడో గానీ..."

"ఏసుబాబా? పని పోతుందని భయపడి మావాళ్ళు ఒక్కరూ నోరు విప్పలేదు రావు గారూ," అన్నాడు అబ్దుల్ రహీం. "నాకు చెప్పింది మీరే."