గడి మీద గీత

కండరాల జబ్బు మీద నేను రాసిన పరిశోధన పత్రం తెచ్చి, ఆ జబ్బు వచ్చిన ఇద్దరు అన్నదమ్ముల తల్లి అందులోని తమ వంశవృక్షం మీద వేలు పెట్టింది.

"ఈ రెండు నల్ల గడులూ మా పిల్లలేగా డాక్టరమ్మా? పెద్దోడి మీద ఈ అడ్డగీత ఏంటి?"

చనిపోయినవాళ్లకి పెట్టే గీత అది. పెద్దవాడు పక్కనే చక్రాల కుర్చీలో కూర్చుని నన్నే చూస్తున్నాడు.

తల కొట్టేసినట్టయింది. పోయింది చిన్నవాడు. ఇద్దరికీ నేనే రక్తం తీశాను. గడులు తారుమారు చేసిందీ నేనే.

"బతికుండగానే పంపించేశారా మేడమ్?" అన్నాడు పెద్దవాడు నవ్వుతూ.

"తప్పు నాదే. ఇవాళే సవరణ పంపుతాను. ఆ గీత తీసేసి, చిన్నబ్బాయి మీద..."

ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"పెద్దోడిది తీసెయ్యండమ్మా. చిన్నోడి మీద మాత్రం పెట్టకండి. అక్కడన్నా ఉండనీండి."